ఎలక్ట్రాన్‌కూ ఓ అడ్రస్ ఉంటుంది.. ఆ నాలుగు నంబర్ల లెక్క ఏంటి? 3డి కంటే 4ఎస్ ముందు ఎందుకు నిండుతుంది?

వరంగల్: పదో తరగతి ఫిజికల్ సైన్స్‌లో ‘పరమాణు నిర్మాణం’ పాఠం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక్కటే.. ఏటవాలు బాణాల చార్ట్. 1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్, 3పి, 4ఎస్, 3డి.. అని పాటలా అప్పజెప్పేస్తారు. ఇంటర్‌లో అదే పాఠం మళ్లీ పలకరిస్తుంది. ఈఏపీసెట్, జేఈఈ, నీట్ ఏది రాసినా అందులోంచి ప్రశ్న పడే అవకాశం ఉంటుంది. కానీ “3డి ఉండగా 4ఎస్ ముందు ఎందుకు?” అని అడిగితే మాత్రం క్లాసంతా సైలెంట్.

నిజానికి ఈ పాఠంలో బట్టీ పట్టాల్సింది చాలా తక్కువ. నాలుగు నంబర్లు, మూడు నియమాలు అర్థమైతే బాణాల చార్ట్‌ను ఎవరికి వాళ్లే రాసుకోవచ్చు. పెంబర్తి ఇత్తడి బంగారంలా ఎందుకు మెరుస్తుంది, ఉప్పునీళ్లు పొంగితే స్టవ్ మంట పసుపు రంగులోకి ఎందుకు మారుతుంది అన్నవీ ఈ లెక్కలోనే ఉన్నాయి. అదేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

కథ మొదలైంది గుంటూరులోనే

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ ఖగోళ శాస్త్రవేత్త పియరీ జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోప్ సిద్ధం చేసుకుని ఉన్నారు. కాంతిని రంగులుగా విడదీసి చూపించే పరికరం అది. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని అందులోంచి చూస్తే ఇంద్రధనుస్సులా కలిసిపోయిన రంగులు కాదు, విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పోగ్సన్ కూడా చూశారు.

ఆ గీతల్లో ఒకటి పసుపుది. సోడియం ఇచ్చే పసుపు గీతలకు చాలా దగ్గరగా ఉంది, కానీ సరిగ్గా అదే చోట లేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ ఈ తేడాను గట్టిగా పట్టుకున్నారు. అది భూమ్మీద అప్పటిదాకా తెలియని మూలకం అన్న మాట అక్కడి నుంచే మొదలైంది. దానికి పెట్టిన పేరే హీలియం. 1895లో విలియం రామ్సే దాన్ని భూమ్మీద ఒక యురేనియం ఖనిజంలోంచి బయటికి తీశారు.

ఇక్కడే అసలు ప్రశ్న పుట్టింది. ఒక మూలకం అన్ని రంగులూ ఇవ్వకుండా కొన్ని గీతలే ఎందుకు ఇస్తుంది? 1913లో నీల్స్ బోర్ దీనికి ఒక దారి చూపించారు. ఎలక్ట్రాన్ ఏ శక్తితో పడితే ఆ శక్తితో ఉండలేదు. కొన్ని మెట్ల మీదే ఉంటుంది. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగినప్పుడు ఆ తేడా కాంతిగా బయటికొస్తుంది. మెట్లు ఫిక్స్ అయితే రంగులూ ఫిక్స్ అవుతాయి.

బోర్ లెక్క హైడ్రోజన్‌కు బాగా కుదిరింది. అయితే ఒక్కటే అనుకున్న గీత దగ్గరి నుంచి చూస్తే రెండు మూడు గీతలుగా కనిపించడం, అయస్కాంతం పక్కన పెడితే ఇంకా చీలిపోవడం మాత్రం ఒక్క నంబరుతో తేలలేదు. అందుకే ఒకటి కాస్తా నాలుగయ్యాయి.

ఆ నాలుగు నంబర్లు ఇవే

సులువుగా అర్థం కావాలంటే అద్దె ఇల్లు ఊహించుకోండి.

1. ప్రధాన క్వాంటం సంఖ్య (ఎన్): ఇది ఏ ఫ్లోర్ అన్నది చెబుతుంది. విలువలు 1, 2, 3, 4.. ఇలా పెరుగుతూ పోతాయి. పుస్తకంలో కర్పరం అనేది దీన్నే. ఎన్ పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్ సగటున కేంద్రకానికి దూరమవుతుంది. ఒక కర్పరంలో పట్టే ఎలక్ట్రాన్లు గరిష్ఠంగా 2 × ఎన్². అంటే 2, 8, 18, 32.

2. కోణీయ ద్రవ్యవేగ క్వాంటం సంఖ్య (ఎల్): ఆ ఫ్లోర్‌లో ఏ పోర్షన్ అన్నది ఇది చెబుతుంది. ఇంటర్ పుస్తకాల్లో దీన్నే ఎజిముతల్ క్వాంటం సంఖ్య అంటారు. విలువ 0 నుంచి (ఎన్ – 1) వరకే ఉంటుంది. ఎల్ = 0 అయితే ఎస్, 1 అయితే పి, 2 అయితే డి, 3 అయితే ఎఫ్. ఇవే ఉపకర్పరాలు. ఎస్ ఆర్బిటాల్ గోళంలా, పి ఆర్బిటాల్ డంబెల్‌లా ఉంటుంది. ఎస్, పి, డి, ఎఫ్ అన్న అక్షరాలు ఎక్కడివంటే.. పాతకాలం శాస్త్రవేత్తలు స్పెక్ట్రమ్ గీతలకు పెట్టిన షార్ప్, ప్రిన్సిపల్, డిఫ్యూజ్, ఫండమెంటల్ అన్న పేర్లలోని మొదటి అక్షరాలు.

3. అయస్కాంత క్వాంటం సంఖ్య: ఆ పోర్షన్‌లో ఏ గది అన్నది దీని పని. విలువలు –ఎల్ నుంచి సున్నా మీదుగా +ఎల్ వరకు. అంటే మొత్తం (2 × ఎల్ + 1) గదులు. ఎస్‌లో 1, పిలో 3, డిలో 5, ఎఫ్‌లో 7. ఈ గదులనే ఆర్బిటాళ్లు అంటాం.

4. స్పిన్ క్వాంటం సంఖ్య: గదిలో ఉన్న ఇద్దరిలో ఎవరన్నది ఇది తేలుస్తుంది. విలువలు రెండే.. +½, –½. 1925లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అనే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు ఈ స్పిన్ ఆలోచనను ముందుకు తెచ్చారు. పేరు స్పిన్ అని ఉన్నా ఎలక్ట్రాన్ బొంగరంలా గిరగిరా తిరుగుతోందని అనుకోకూడదు. ద్రవ్యరాశి, ఆవేశం ఎలాగో ఇదీ దాని సొంత గుణం.

ఒక్క జాగ్రత్త. గది అన్నాం కదా అని గోడలు ఊహించుకోవద్దు. ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్ దొరికే అవకాశం ఎక్కువగా ఉన్న ప్రాంతం, అంతే. 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక ఎన్, ఎల్, అయస్కాంత సంఖ్య ఈ మూడూ ఎవరో పెట్టిన రూల్స్‌లా కాకుండా ఆ గణితంలోంచే పుట్టుకొచ్చాయి.

ఏ ఉపకర్పరంలో ఎంతమంది?

– ఎస్: 1 ఆర్బిటాల్, 2 ఎలక్ట్రాన్లు
– పి: 3 ఆర్బిటాళ్లు, 6 ఎలక్ట్రాన్లు
– డి: 5 ఆర్బిటాళ్లు, 10 ఎలక్ట్రాన్లు
– ఎఫ్: 7 ఆర్బిటాళ్లు, 14 ఎలక్ట్రాన్లు

ఇప్పుడు గుంటూరులో కనిపించిన పసుపు గీత దగ్గరికి మళ్లీ వెళ్దాం. దాని తరంగదైర్ఘ్యం దాదాపు 587.6 నానోమీటర్లు. మామూలుగా హీలియంలో రెండు ఎలక్ట్రాన్లూ 1ఎస్‌లోనే ఉంటాయి. వేడికి ఒకటి పైకెళ్లి, 3డి నుంచి 2పికి దిగినప్పుడు వచ్చే కాంతే ఆ గీత. సోడియంలో అయితే 3పి నుంచి 3ఎస్‌కు దిగుతుంది. స్టవ్ మంట మీద ఉప్పునీళ్లు పడితే వచ్చే పసుపు రంగు అదే. ఆ సోడియం గీత ఒకటి కాదు, రెండు.. 589.0, 589.6 నానోమీటర్లు. ఆ చిన్న చీలికకు కారణం ఎలక్ట్రాన్ స్పిన్.

ఇలా గీతల్ని చదివి ఎలక్ట్రాన్ల అమరికను పట్టుకునే శాస్త్రానికి స్పెక్ట్రోస్కోపీ అని పేరు. తెలుగు నేల మీద ఈ పరిశోధనకు పెద్దపీట వేసిన వ్యక్తి ప్రొఫెసర్ కొచ్చెర్లకోట రంగధామరావు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ ల్యాబ్‌లకు పేరు తెచ్చింది ఆయన పనే.

నింపడానికి మూడే నియమాలు

ఒకటి.. ఆఫ్‌బౌ నియమం. ఆఫ్‌బౌ ఎవరో సైంటిస్ట్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు. అది జర్మన్ మాట. కట్టుకుంటూ పోవడం అని అర్థం. ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి ఉన్న ఉపకర్పరంలో ముందు చేరతాయి. మన ఇంటి లెక్కలో చెప్పాలంటే అద్దె తక్కువున్న పోర్షన్ ముందు నిండుతుంది.

అద్దె లెక్కగట్టేదెలా? ఎన్, ఎల్ రెండూ కూడండి. మొత్తం ఎక్కడ తక్కువుంటే అది ముందు. రెండింటికీ మొత్తం సమానమైతే ఎన్ తక్కువున్నది ముందు. బాణాల చార్ట్ మొత్తం ఈ రెండు వాక్యాలే.

– 4ఎస్: 4 + 0 = 4
– 3డి: 3 + 2 = 5
– 4పి: 4 + 1 = 5
– 5ఎస్: 5 + 0 = 5

4ఎస్ మొత్తం 4 కాబట్టి అదే ముందు. మిగతా మూడింటికీ 5 వచ్చింది కాబట్టి ఎన్ ప్రకారం 3డి, 4పి, 5ఎస్. చార్ట్ చూడకుండానే వరుస వచ్చేసింది.

దీని వెనకున్న కారణం కూడా తెలుసుకోవాలి. ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్‌లో ఈ గొడవ లేదు. అక్కడ 3ఎస్, 3పి, 3డి మూడింటి శక్తీ దాదాపు ఒకటే, 4ఎస్ వాటికంటే పైనే ఉంటుంది. ఎలక్ట్రాన్లు ఎక్కువయ్యాక సీన్ మారుతుంది. లోపలి ఎలక్ట్రాన్లు కేంద్రకం ఆకర్షణకు అడ్డుగా నిలుస్తాయి. ఎస్ ఎలక్ట్రాన్‌కు ఆ అడ్డును దాటుకుని కేంద్రకం దగ్గరిదాకా చొచ్చుకెళ్లే అవకాశం ఉంది. డి ఎలక్ట్రాన్‌కు అది చాలా తక్కువ. దాంతో పొటాషియం, కాల్షియం పరమాణువుల్లో 4ఎస్ శక్తి 3డి కంటే కిందికి దిగుతుంది. పై ఫ్లోరే అయినా అద్దె తక్కువ అన్నమాట.

రెండు.. పౌలీ వర్జన నియమం. 1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ చెప్పింది ఇది. ఒకే పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లకూ నాలుగు నంబర్లూ ఒకటి కావు. ఒకే గదిలో ఉన్న ఇద్దరికి మొదటి మూడు నంబర్లూ కలుస్తాయి కాబట్టి స్పిన్ తప్పనిసరిగా వేరుగా ఉండాలి. స్పిన్‌కు విలువలు రెండే కాబట్టి గదికి ఇద్దరే. మూడో మనిషికి చోటు లేదు.

చిన్న మాటలా ఉంది కానీ ఈ నియమమే లేకపోతే ఎలక్ట్రాన్లన్నీ 1ఎస్‌లోనే కుప్పపడేవి. సోడియం, క్లోరిన్, ఇనుము అన్న తేడాలు ఇప్పుడున్నట్టు ఉండేవి కావు. మనకు తెలిసిన కెమిస్ట్రీయే ఉండేది కాదు. ఈ నియమానికి పౌలీకి 1945లో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడు.. హుండ్ నియమం. హనుమకొండ బస్టాండ్‌లో హైదరాబాద్ బస్సు ఎక్కేవాళ్లను గమనించండి. ఇద్దరు కూర్చునే సీట్లున్నా, తెలియనివాళ్లు ముందు ఖాళీ సీటు చూసుకుని ఒక్కరే కూర్చుంటారు. ఖాళీ సీట్లు అయిపోయాకే ఇంకొకరి పక్కన సర్దుకుంటారు. ఎలక్ట్రాన్లూ అంతే. శక్తి సమానంగా ఉన్న ఆర్బిటాళ్లలో ముందు ఒక్కోదానిలో ఒక్కోటి చేరతాయి, అదీ ఒకే స్పిన్‌తో. తర్వాతే జత కడతాయి. ఒకదాన్నొకటి వికర్షించుకునే ఎలక్ట్రాన్లు వేర్వేరు ఆర్బిటాళ్లలో ఉంటే ఆ వికర్షణ తగ్గుతుంది. ఒకే స్పిన్ ఉంటే స్థిరత్వం ఇంకాస్త పెరుగుతుంది.

రాసి చూద్దాం

నైట్రోజన్ (7): 1ఎస్² 2ఎస్² 2పి³. మూడు పి ఆర్బిటాళ్లలో ఒక్కోటి చొప్పున మూడు జతలేని ఎలక్ట్రాన్లు.

ఆక్సిజన్ (8): 1ఎస్² 2ఎస్² 2పి⁴. ఒక ఆర్బిటాల్‌లో జత, మిగతా రెండింటిలో ఒక్కోటి.

సోడియం (11): 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్¹. ఆ చివరి ఒక్కటి పోతే నియాన్ లాంటి నిండు అమరిక మిగులుతుంది. సోడియం అంత తేలిగ్గా రియాక్ట్ కావడానికి అదే కారణం.

ఇనుము (26): 1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 4ఎస్² 3డి⁶. అయిదు డి ఆర్బిటాళ్లలో ఒకదానిలో జత, నాలుగింటిలో ఒంటరి ఎలక్ట్రాన్లు. ఇనుము అయస్కాంత గుణానికి మూలం ఈ ఒంటరివాళ్లే.

రూల్ తప్పిన రాగి.. పెంబర్తిలో సాక్ష్యం

హైదరాబాద్–వరంగల్ హైవే మీద జనగామ దగ్గర పెంబర్తి వస్తుంది. కాకతీయుల కాలం నుంచీ చెప్పుకునే లోహ కళ అక్కడిది. ఇత్తడి రేకు మీద అక్కడి కళాకారులు చెక్కే బొమ్మలకు దేశమంతా పేరుంది. ఇత్తడి అంటే రాగి, జింక్ కలిపిన లోహం. పీరియాడిక్ టేబుల్‌లో ఈ రెండూ పక్కపక్క ఇళ్లే.. రాగి 29, జింక్ 30.

మన నియమం ప్రకారం రాగి చివర్లో 4ఎస్² 3డి⁹ అని రావాలి. కానీ ప్రయోగంలో తేలింది 4ఎస్¹ 3డి¹⁰. జింక్ మాత్రం బుద్ధిగా 4ఎస్² 3డి¹⁰. అలాగే క్రోమియం (24) 4ఎస్² 3డి⁴ బదులు 4ఎస్¹ 3డి⁵ దగ్గర ఆగుతుంది.

సగం నిండిన, పూర్తిగా నిండిన డి ఉపకర్పరాలకు స్థిరత్వం ఎక్కువ అని పుస్తకాలు చెబుతాయి. పరీక్షకు అది చాలు. కానీ అన్ని చోట్లా అదే కారణం అనుకుంటే ఇబ్బందే. క్రోమియం గ్రూపులోనే ఉన్న టంగ్‌స్టన్ (74) 6ఎస్² 5డి⁴తోనే ఉంటుంది, సగం నిండడం కోసం మారదు. పల్లాడియం (46) ఇంకో అడుగు ముందుకేసి 5ఎస్‌ను పూర్తిగా ఖాళీ చేసి 4డి¹⁰ చేసుకుంటుంది. ఇలాంటి చోట ఎస్, డి శక్తులు చాలా దగ్గరగా ఉంటాయి. ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ, ఒకే స్పిన్ వల్ల వచ్చే లాభం.. ఈ రెండూ కలిసి త్రాసు ఎటు మొగ్గితే అటు. ఎన్ + ఎల్ నియమం మంచి అంచనా మాత్రమే. చివరి మాట ప్రయోగానిదే.

రాగికి ఎర్రటి రంగు రావడానికీ ఈ అమరికతో సంబంధం ఉంది. రాగి లోహంలో 3డి ఎలక్ట్రాన్లు పైనున్న ఖాళీ స్థాయిలకు వెళ్లడానికి నీలం, ఆకుపచ్చ కాంతి సరిపోతుంది. ఆ రంగుల్ని రాగి ఎక్కువగా పీల్చుకుంటుంది. తిరిగి మన కంటికి చేరేది ఎరుపు, నారింజ వైపు కాంతి. జింక్‌లో 3డి శక్తి బాగా లోతుకు దిగిపోయి ఉంటుంది కాబట్టి ఆ రంగు రాదు, బూడిద రంగులో కనిపిస్తుంది. రెండూ కలిస్తే ఇత్తడి పసుపు.

లోపలికి ముందొచ్చిన 4ఎస్.. బయటికీ ముందే

పరీక్షల్లో ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. ఇనుము అనగానే మన దగ్గర బయ్యారం గుర్తొస్తుంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఇనుప ఖనిజం ఉంది, ఉక్కు ఫ్యాక్టరీ డిమాండ్‌తో తరచూ వార్తల్లో ఉంటుంది. ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు కోల్పోతే అయాన్ విన్యాసం ఏంటి?

చివరగా నింపింది 3డి కాబట్టి అందులోంచే తీసేయాలి అని 4ఎస్² 3డి⁴ రాసేస్తారు. అది తప్పు. ముందు పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లు. కాబట్టి రెండు పోతే 3డి⁶, మూడు పోతే 3డి⁵. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఉండేది రెండు పోయిన ఇనుము. తుప్పులో ఉండేది మూడు పోయిన ఇనుము.

కారణం ఏంటంటే.. 4ఎస్ తక్కువ శక్తి అన్న మాట పొటాషియం, కాల్షియం వరకే గట్టిగా నిలుస్తుంది. స్కాండియం నుంచి కేంద్రకం ఆవేశం పెరిగేకొద్దీ 3డి లోపలికి ముడుచుకుని కిందికి దిగుతుంది. 4ఎస్ బయటి అంచున మిగులుతుంది. బయట ఉన్నదే ముందు ఊడిపోతుంది. కాబట్టి గుర్తుపెట్టుకోండి.. నింపే వరుస వేరు, తీసే వరుస వేరు. తీసేటప్పుడు ఎన్ పెద్దది ముందు.

పీరియాడిక్ టేబుల్ ఆకారం ఇందుకే

గోడ మీద పీరియాడిక్ టేబుల్ చూడండి. ఎడమవైపు 2 నిలువు వరుసలు ఎస్ బ్లాక్. కుడివైపు 6 పి బ్లాక్. మధ్యలో 10 డి బ్లాక్. కింద విడిగా ఉన్న రెండు వరుసల్లో 14 చొప్పున ఎఫ్ బ్లాక్. 2, 6, 10, 14.. మనం పైన లెక్కేసిన సంఖ్యలే. పీరియడ్ల పొడవు 2, 8, 8, 18, 18, 32, 32 కూడా ఆ నిండే వరుస నుంచే వచ్చింది. 7పి నిండేసరికి లెక్క సరిగ్గా 118. అదే ఇప్పటిదాకా తెలిసిన చివరి మూలకం ఒగానెసన్.

పరీక్ష హాల్లో ఇవి చూసుకోండి

– ఎల్ ఎప్పుడూ ఎన్ కంటే తక్కువే. కాబట్టి 1పి, 2డి, 3ఎఫ్ అనేవి లేవు. ఆప్షన్లలో కనిపిస్తే వెంటనే కొట్టేయండి.
– ఎన్ = 3, ఎల్ = 3 అని సెట్ ఇస్తే అది సాధ్యం కాదు. ఎల్ = 1 ఇచ్చి అయస్కాంత సంఖ్య +2 అన్నా సాధ్యం కాదు.
– ఎన్ = 4లో ఎన్ని ఆర్బిటాళ్లు? ఎన్² కాబట్టి 16. ఎలక్ట్రాన్లు 32.
– కక్ష్య, ఆర్బిటాల్ ఒకటి కాదు. కక్ష్య బోర్ చెప్పిన గుండ్రటి దారి. ఆర్బిటాల్ దొరికే అవకాశం ఉన్న ప్రాంతం.
– పి², పి³ రాసేటప్పుడు ఒకే గడిలో రెండు బాణాలు పెట్టొద్దు. బస్సు సీట్లు గుర్తుచేసుకోండి.
– అయాన్ అడిగితే ముందు పరమాణువు విన్యాసం రాసి, తర్వాత ఎన్ పెద్దదాంట్లోంచి తీసేయండి.
– క్రోమియం, రాగి.. ఈ రెండూ మాత్రం గుర్తుంచుకోవాల్సిందే.

అమరావతిలో క్వాంటం వ్యాలీ ప్రకటన వచ్చాక క్వాంటం అన్న మాట వార్తల్లో రోజూ వినిపిస్తోంది. క్వాంటం కంప్యూటర్ల దాకా వెళ్లాలనుకునే పిల్లలకు మొదటి మెట్టు ఈ పాఠమే. ఎలక్ట్రాన్ స్పిన్‌కు రెండే విలువలన్న విషయం అక్కడ కూడా పనికొస్తుంది. ఈసారి బాణాల చార్ట్ పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం మీద ఎన్ + ఎల్ కూడుకుంటూ 1ఎస్ నుంచి 7పి వరకు మీరే రాసి చూడండి. పది నిమిషాలు కూడా పట్టదు.